మధ్య నుంచి అంచుకి

తొమ్మిదో ఏట ఆమెకి మొదటి కళ్ళజోడు పెట్టింది మేనమామే. ఆ జోడులోంచి ఆమె చూసిన మొదటి వస్తువు, కొట్లో అద్దాన్ని గోడకి పట్టి ఉంచిన ఒక స్క్రూ. అప్పటిదాకా అది గోడమీద నల్లటి చుక్క. జోడు పెట్టగానే ఆ చుక్కకి తల వచ్చింది, తలమీద సన్నటి గాడి వచ్చింది, గాడిలో కాస్త దుమ్ము కూడా వచ్చింది. అది తిప్పడానికేనా అని అడిగిందట. ఆయన బల్లమీది చిన్న స్క్రూడ్రైవరు తీసి చేతికిచ్చాడట. అత్తయ్య పరుగున వచ్చి పట్టుకుంది కాబట్టి అద్దం బతికింది.

ఆ తిప్పడం ఇక ఆగలేదు. బడి వదలగానే మావయ్య కొట్లో కూర్చుని ఊడిన కళ్ళజోళ్ళు బిగించేది. తరవాత గడియారాలు, రేడియోలు, చివరికి కంప్యూటర్లు. ఇప్పుడామెకి నలభై మూడేళ్ళు. మావయ్య కొట్టుకి రెండు వీధుల అవతల, దర్జీకీ తాళాలు చేసేవాడికీ మధ్య, మూడంగల వెడల్పు గది ఆమెది. వీధంతా కంప్యూటరక్క అంటుంది. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది.

జబ్బుపిల్లల్ని తెచ్చినట్టు కంప్యూటర్లని తువ్వాళ్ళలో చుట్టి తెస్తారు. ఆమె వెంటనే మూత విప్పదు. మీట నొక్కి, చెవి దగ్గరగా పెట్టి వింటుంది. లోపలి ఫ్యాను ఎలా ఊపిరి తీస్తోందో, ఏ చోట తడబడుతోందో. ఆ వినేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. "నా మాట ఇందులో సగం శ్రద్ధగానైనా విన్నదా ఈవిడ" అని భర్త వచ్చిన వాళ్ళ ముందే దెప్పుతాడు. నువ్వూ ఒకసారి ఆగిపోయి చూడు, అప్పుడు వింటాను అంటుంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

ఆ శుక్రవారం ఉదయం ఆమె ఇంకా బల్ల సర్దుకుంటూ ఉంది. గుమ్మంలో వెలుగు తగ్గింది. తలెత్తితే మేనమామ.

ఆయనకి అరవై ఆరు. అందరికీ అద్దాలాయన. పని పడితే ఫోను చేసి, కోడలా, తీరికుంటే ఇలా వచ్చిపో అంటాడు తప్ప నడిచి రాడు. తన కొట్టు తెరిచే వేళకి ఇంకొకరి గుమ్మంలో నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. వచ్చినవాడు అలవాటు ప్రకారం ముందు ఆమె ముఖం మీంచి కళ్ళజోడు తీసుకుని, జేబులోని మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచి, మళ్ళీ ఆమె చెవులకి తగిలించాడు.

"యంత్రం పలకడం లేదమ్మా," అన్నాడు అప్పుడు.

ఆ యంత్రం కళ్ళజోడు అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసేది. పక్కనే ఒక పాత కంప్యూటరు. ఫ్రేము గీత ఎటు తిరిగితే అటు అద్దాన్ని తిప్పమని యంత్రానికి చెప్పేది అదే. పదకొండేళ్ళ కిందట కొన్నప్పుడు అమ్మిన కంపెనీ వాళ్ళు ఒకే ఒక్క సీడీ డిస్కు ఇచ్చారు. కంప్యూటరు నడవడానికి కావలసిన సిస్టమూ, యంత్రాన్ని నడిపే ప్రోగ్రామూ రెండూ కలిపి అందులోనే. తరవాత ఆ కంపెనీ మూతపడింది. కొత్త తరం సిస్టములేవీ ఈ యంత్రం భాష మాట్లాడవు. చేత్తో అరగదీసే పాత రాయి, యంత్రం వచ్చిన ఏడాదే పాత ఇనుములోకి వెళ్ళిపోయింది.

ఆమె సంచీ భుజానికి వేసుకుని వెంట నడిచింది. దారిలో ఆయన మిగతాది చెప్పాడు. ఒక బస్సు డ్రైవరున్నాడు. పాత జోడు పగిలిపోయింది. అతని చూపుకి సరిపడే అద్దాలు ఎక్కడా తయారుగా దొరకవు, నెల తిరిగాక వచ్చాయి. ఇక ఫ్రేముకి కొయ్యడమే మిగిలింది. సోమవారం డిపోలో అతనికి కంటి పరీక్ష. జోడు లేకపోతే బండి ఇవ్వరు. అతనికి మాట ఇచ్చి ఉన్నాను అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనబోయి, వేరే సంగతి ఎత్తాడు. పక్కనున్న పళ్ళ కొట్టతను మావయ్య కొట్టు గది తనకిమ్మని ఏడాదిగా అడుగుతున్నాడట. సోమవారానికి యంత్రం లేవకపోతే ఇచ్చేస్తానన్నాడు, వానొస్తే గొడుగు తీసుకుంటానన్నంత మామూలుగా.

ఆమెకి ఆ మామూలుతనమే నచ్చలేదు.

కొట్లో అత్తయ్య ఉంది. కొట్టు మూసేస్తాడట విన్నావా అంది. మూసి ఇంటికొచ్చి పొద్దస్తమానం నా గిన్నెలు తుడుస్తాడట. ఇప్పటికే గరిటలన్నీ మెరుపెక్కి చేతిలోంచి జారిపోతున్నాయి. అందుకని నువ్వు ఏం చేసైనా సరే దీన్ని లేపాలి, నా సంసారం నీ చేతిలో ఉంది అంది. మావయ్య ఆ మాటకి నవ్వకుండా బల్లమీది గాజు మూతని తుడుస్తూ ఉండిపోయాడు.

ఆమె మీట నొక్కి వింది. లోపల టక్, టక్ అని ఒకే శబ్దం, తలుపు మీద ఎవరో వేలితో కొడుతున్నట్టు. హార్డ్ డిస్కు పోయింది. అది పెద్ద విషయం కాదు. సంచీలో అదే కాలానికి చెందిన ఇంకొకటి ఉంది, మార్చింది. ఇప్పుడు ఖాళీ ఇల్లు తయారు, అందులోకి దిగవలసింది డిస్కులోని సిస్టము.

"డిస్కు ఉందిగా మావయ్యా?"

"లేకేం," అన్నాడాయన, మొదటిసారి హుషారుగా.

సొరుగులోంచి రేకు డబ్బా తీశాడు. డబ్బాలో పట్టుగుడ్డ, పట్టుగుడ్డలో డిస్కు. దుమ్ము లేదు, వేలిముద్ర లేదు. పదకొండేళ్ళ వస్తువు కిటికీ వెలుగుని పట్టి గది పైకప్పు మీద రంగుల చంద్రవంక గీసింది. ముగ్గురూ ఒక్క క్షణం పైకి చూశారు.

కంప్యూటరులో డిస్కులు చదివే డ్రైవులో దాన్ని పెట్టింది. తెర నల్లగానే ఉండి, లేవడానికి డిస్కేదీ కనబడలేదని ఒక తెల్లటి వరస రాసింది. దాని కింద చిన్న గీత మినుకు మినుకుమంటూ ఎదురుచూసింది.

ఆమె కంగారుపడలేదు. ఇలాంటి వాటికి ఆమె దగ్గర ఒక వరస ఉంది, అన్నం ముద్ద తరవాత ముద్ద తిన్నట్టు ఒక్కో అనుమానాన్నే తీర్చుకుంటుంది, అన్నీ కలిపి మింగదు. కంప్యూటరు లేవగానే ముందు దేన్ని చదవాలో చెప్పే చోటు ఒకటుంటుంది. అక్కడికి వెళ్ళి చూస్తే హార్డ్ డిస్కు ముందుంది, డ్రైవు వెనకుంది. వరస మార్చింది. ఆపి మళ్ళీ వేసింది. అదే తెల్లటి మాట. మళ్ళీ వెళ్ళి చూస్తే తను మార్చిన వరస లేదు. తేదీ కూడా ఎప్పటిదో పాతది చూపిస్తోంది. లోపల నాణెమంత బ్యాటరీ అయిపోయింది, అందుకని మీట ఆపగానే చెప్పినదంతా మరిచిపోతోంది. గడియారాల కొట్టు నుంచి కొత్త బ్యాటరీ తెచ్చి వేసింది.

ఈసారి కంప్యూటరు మాట గుర్తుపెట్టుకుంది. డ్రైవు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. పెద్దాయన ఎవరో మెట్లెక్కుతూ ప్రతి మెట్టు దగ్గరా నడుం పట్టుకున్నట్టు. చివరికి అదే తెల్లటి మాట.

వైరు మార్చింది. తేడా లేదు. డ్రైవు లోపల డిస్కుని చదివే కన్ను మసకబారిందేమో అనిపించి విప్పింది. బఠాణీ గింజంత అద్దం ఉందక్కడ. మావయ్య వంగి చూశాడు. దీంట్లో కూడా మన సరుకేనా అని సంబరపడిపోయి, తనే పుల్లకి దూది చుట్టి, ఊపిరి బిగబట్టి తుడిచాడు. ఆ తుడవడంలో ఆయన చెయ్యి వణకలేదు. అది చూసి ఆమె మనసు కాస్త కుదుటపడింది.

అయినా డిస్కు లేవలేదు. తన సంచీలోని వేరే డిస్కు ఒకటి అదే డ్రైవులో పెడితే, అది గబగబా లేచి పలకరించింది. అంటే డ్రైవుకి జబ్బు లేదు.

శనివారం ఉదయం ఆమె ఆ డిస్కుని తన గదికి తెచ్చుకుని మూడు డ్రైవుల్లో పెట్టి చూసింది. మూడూ తిరిగాయి, మూడూ ఆగాయి. అప్పుడు ఇక మిగిలిన పని ఒకటే. నిన్నటి నుంచి ఆ ఒక్కటీ చెయ్యకుండా దాని చుట్టూనే తిరుగుతున్నానని ఆమెకి తెలుసు. డిస్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎదురుగా కాకుండా వాలుగా పట్టుకుంది.

ఎదురుగా చూస్తే అద్దం. వాలుగా చూస్తే, నీళ్ళలో రాయి వేసినప్పటి అలలు. మధ్య నుంచి అంచుదాకా, ఒకదాని చుట్టూ ఒకటి, వెంట్రుక కంటే సన్నటి గీతలు. అన్నీ గుండ్రంగా. ఒక్కటీ అడ్డంగా లేదు.

ఆ చెయ్యి ఎవరిదో ఆమె గుర్తుపట్టింది. ముప్పై నాలుగేళ్ళుగా ఆమె కళ్ళ ముందు అదే చుట్టు తిరుగుతోంది.

కుర్చీలో చాలాసేపు కూర్చుంది. పదకొండేళ్ళ కిందట ఆ డిస్కు ఆయన చేతిలో పెట్టింది తనే. ఇదే దీని ప్రాణం మావయ్యా, దుమ్ము పట్టనివ్వకు అని చెప్పింది. ఆ వెంటే ఇంకో మాట కూడా అంది. వచ్చే వారం వచ్చి దీనికో కాపీ చేసిపెడతాను అని. ఆయన తన వంతు మాట నెలనెలా నిలబెట్టుకున్నాడు. ఆ వచ్చే వారం మాత్రం ఇంకా రాలేదు. దర్జీ కుట్టుమిషను చప్పుడు గోడలోంచి వినిపిస్తూ ఉంది. అది ఆగి మళ్ళీ మొదలైనప్పుడల్లా ఆమె లేవబోయి కూర్చుంది.

మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి మావయ్య ఖాళీ యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. డ్రైవరు అద్దాలు రెండూ, ఇంకా కొయ్యనివి, తెల్లకాగితం మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

"దీన్ని ఎవరు తుడుస్తారు మావయ్యా?"

"ఇంకెవరు, నేనే. ప్రతి నెలా ఒకటో తారీఖున. ఒక్క నెల తప్పలేదు. జ్వరమొచ్చిన నెలలో కూడా."

"ఎలా తుడుస్తావు?"

ఆయన గుడ్డ తీసి, బొటనవేలు మడిచి, గాలిలో సున్నాలు చుట్టి చూపించాడు. అద్దాన్ని ఎలా తుడవాలో అలాగే. చిన్నప్పుడు ఆమెకి నేర్పింది కూడా అదే చుట్టు.

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని, దాచకుండా చెప్పింది. డిస్కు అద్దం కాదు. దీనిలోని రాత మధ్యలో మొదలై చుట్టలు చుట్టుకుంటూ బయటికి పోతుంది. అడ్డంగా గీత పడితే, వానాకాలంలో వీధికి అడ్డంగా పారే నీళ్ళని దాటినట్టు, యంత్రం ఆ గీతని దాటి చదివేస్తుంది. చుట్ట వెంబడే గీత పడితే దాటడానికి అవతలి గట్టు ఉండదు. వరసకి వరసే పోతుంది. అందుకే దీన్ని మధ్య నుంచి అంచుకి, తిన్నగా తుడవాలి.

అత్తయ్య లోపలి గదిలోంచి వింటూనే ఉంది. ఒక్కసారి కూడా వాడకుండా అరగ్గొట్టిన వస్తువు లోకం మొత్తం మీద ఇదొక్కటే ఉంటుంది అంది. అని, ఆయన ముఖం చూసి, టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

ఆయన గుడ్డని మడిచాడు. మడిచినదాన్ని మళ్ళీ మడిచాడు.

"అయితే దీని ప్రాణం తీసింది నేనేనన్నమాట."

"నువ్వు ఒక్కడివే కాదు. కాపీ చేసిపెడతానని చెప్పి పదకొండేళ్ళు మరిచిపోయిన మనిషి కూడా ఇక్కడే కూర్చుంది."

ఆయన ఆమె వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఒకే ఇంట్లో దెబ్బలు తిన్న ఇద్దరు పిల్లలు ఒకరినొకరు చూసుకున్నట్టు ఉంది. తరవాత చెయ్యి చాచి డిస్కు ఇమ్మన్నాడు. ఒంటికంటి భూతద్దం పెట్టుకుని, దీపం వెలిగించి, డిస్కుని అటూ ఇటూ వాల్చాడు. ఒక గీత మీద గోరు ఆనించి మెల్లగా లాగాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన భుజాలు కిందికి దిగాయి.

"ఈ రాత ఏ వైపుంది? పైన పేరు రాసిన వైపా, ఈ మెరిసే వైపా?"

పేరు రాసిన వైపుకి దగ్గరగా ఉందని, మెరిసే వైపున ఉన్నది దాన్ని కాపాడే మందపాటి పొర మాత్రమేనని ఆమె చెప్పింది.

"అంటే చచ్చిపోలేదు. చూపు మందగించింది," అన్నాడు. "ఇది గాజు కాదే కోడలా, ప్లాస్టిక్కు. నా అద్దాల్లాంటిదే. గోరుకి తగలడం లేదు, గీత పైపైనే ఉంది. గీతలు పడిన అద్దాలు నెలకి పది తెస్తారు నా దగ్గరికి. పారేస్తున్నానా?"

అల్మరాలోంచి మూత గట్టిగా బిగించిన సీసా తీశాడు. అందులో తెల్లటి ముద్ద, పెరుగంత మెత్తగా. గీతలు పడిన ప్లాస్టిక్కు అద్దాలకి ఆయన పట్టించే మెరుగు అది. ఆమె కాదనలేదు. ఆమె పుస్తకాల్లో కూడా అలాంటి మందు ఉంది, చివరి పేజీల్లో, ఇక వేరే దారి లేనప్పుడు చూసే పేజీల్లో.

గాజు పలక మీద తడి గుడ్డ పరిచి దాని మీద డిస్కు పెట్టారు. ఆయన వేలికి ముద్ద రాసుకుని, మధ్య రంధ్రం దగ్గర మొదలుపెట్టి అంచువైపు లాగాడు. సగం దూరం తిన్నగా వెళ్ళిన వేలు పక్కకి వంగింది. ఆయన ఆపి, మళ్ళీ లాగాడు. మళ్ళీ వంగింది. పళ్ళు బిగించి మూడోసారి లాగాడు. నలభై ఏళ్ళు గుండ్రంగా తిరిగిన చెయ్యికి తిన్నటి దారి తెలియదు. నాలుగోసారి ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి చూసినట్టు.

"నువ్వు లాగు," అన్నాడు. "నేను చూస్తాను."

ఆమె లాగింది. ఆయన ముఖం బల్ల ఎత్తుకి దించి, వెలుగు పడే వాలులోంచి చూస్తూ చెప్పాడు. బలం తగ్గించు. ఇక్కడ చాలు. ఇంకో నీటిచుక్క వెయ్యి. అంచు దగ్గర వేలు ఎత్తెయ్, వెనక్కి లాగకు. ఆయన డిస్కుని వేలెడంత తిప్పేవాడు, ఆమె ఒక గీత లాగేది. మళ్ళీ తిప్పేవాడు, మళ్ళీ లాగేది. అత్తయ్య తెచ్చిన టీ గ్లాసులు చల్లబడ్డాయి. వీధిలో ఎండ కొట్టు మెట్టు మీంచి జరిగి అవతలి గోడ ఎక్కింది. వేలి కింద తడి ప్లాస్టిక్కు చేసే సన్నటి కిచకిచ ఒక్కటే, పిట్ట ఎక్కడో దూరంగా ఉన్నట్టు.

ఇక ఆపమన్నాడు. కడిగి, ఆరబెట్టి, వాలుగా పట్టుకుంటే అలలు చాలావరకు పోయాయి. నీళ్ళు సర్దుకున్నట్టే ఉంది, బయటి అంచుకి దగ్గర్లో ఒకచోట తప్ప.

ఆమె దాన్ని తిన్నగా పాత కంప్యూటరులో పెట్టలేదు. సంచీలోంచి తన కంప్యూటరు తీసి, ముందు కాపీ చెయ్యడం మొదలుపెట్టింది. మావయ్య ఉండబట్టలేక, యంత్రంలో పెట్టి చూడొచ్చుగా అన్నాడు. పదకొండేళ్ళ బాకీ ముందు తీర్చనీ మావయ్యా అందామె. డ్రైవు వేగం బాగా తగ్గించింది. అది తిరగసాగింది. ఈసారి ఆగలేదు. ఆమె కళ్ళు మూసుకుని వింది. మావయ్య కూడా తెలియకుండానే కళ్ళు మూసుకున్నాడు.

నూటికి తొంభై ఒకటి దగ్గర తడబడింది. తిరిగింది, వెనక్కి వెళ్ళింది, తిరిగింది, ఆగింది.

ఇద్దరూ ఒకేసారి కళ్ళు తెరిచారు. ఆ బయటి చోటు, అన్నాడాయన. ఆమె అప్పటికే డిస్కు బయటికి తీస్తోంది. మళ్ళీ గాజు పలక, మళ్ళీ తడి గుడ్డ. ఈసారి ఆయన తన వేలుని ఆమె వేలి మీద ఆనించాడు, ఎంత బలం పెట్టాలో చెప్పడానికి. చిన్నప్పుడు స్క్రూడ్రైవరు పట్టుకోవడం కూడా అలాగే నేర్పాడు. పది గీతలు, ఇరవై గీతలు. కడిగారు, ఆరబెట్టారు, పెట్టారు. తొంభై ఒకటి వచ్చింది. అత్తయ్య చేతిలో గరిటతో గుమ్మంలో నిలబడింది. అంకె అక్కడే కొంతసేపు ఉంది, ఏదో ఆలోచిస్తున్నట్టు. తరవాత తొంభై రెండు అయింది. ఆ పైన మెట్లు లేవు, అంతా చదునే.

ఆమె ఒకటికి మూడు కాపీలు చేసింది. వాటిలో ఒకదాన్ని పాత కంప్యూటరులో పెట్టింది. నల్లటి తెర ఒక్క క్షణం నల్లగా ఉండి, నీలంగా మారింది.

ఆదివారం పదిన్నరకి యంత్రం పలికింది. డ్రైవరు అద్దాల్లో కుడిది నీళ్ళ చిమ్ముడులో తిరుగుతూ, ఫ్రేము గీత వెంట మెల్లగా అరుగుతూ, తన ఆకారానికి వచ్చింది. తరవాత ఎడమది. అవి రెండూ ఫ్రేములో కూర్చున్నప్పుడు టిక్కుమన్న చిన్న శబ్దం వినడానికి మావయ్య కాసేపు గుడ్డని కూడా పక్కన పెట్టాడు. మధ్యాహ్నం డ్రైవరు వచ్చి జోడు పెట్టుకుని, గుమ్మంలో నిలబడి, ఎదురు గోడమీద పాత కాగితం ఒకటి చదివాడు. ఎప్పుడో ఎవరో అద్దెకు గది ఉందని అంటించింది అది. గది ఇంకా ఉందంటారా అని అడిగాడు. అత్తయ్య పకపకా నవ్వి, ఈ వీధిలో ఏ గదీ ఖాళీ లేదు నాయనా అంది, పళ్ళ కొట్టు వైపు కాస్త గట్టిగా.

ఆమె వెళ్ళడానికి సంచీ సర్దుకుంటుంటే మావయ్య ఆ మూడు కాపీలనీ, పాత డిస్కునీ బల్లమీద వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగూ మెరుస్తున్నాయి. ఆయన చెయ్యి జేబు వైపు వెళ్ళింది, గుడ్డ దాకా వెళ్ళింది, అక్కడ ఆగింది. నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, రేకు డబ్బాలో పెట్టి, డబ్బాని ఆమె సంచీలోకి తోశాడు.

"ఇవి నీ దగ్గరే ఉంచు కోడలా. నా చెయ్యి ఊరుకోదు."

ఆమె సంచీ భుజానికి వేసుకుంది. ఆయన పిలిచి, చెయ్యి చాచాడు. ఆమె కళ్ళజోడు తీసి ఇచ్చింది. వీధి మసకగా మారింది, ఎదురు గోడ మీది కాగితం మళ్ళీ చుక్కయింది. ఆయన తీరిగ్గా, గుండ్రంగా, రెండు అద్దాలూ తుడిచి ఆమె చెవులకి తగిలించాడు.